గదిలోకొచ్చిన సముద్రం మీద ఫిర్యాదేమిటి?

బీచ్ పక్కన చిన్న గెస్ట్‌హౌస్‌లో రెండు రోజులుండి, ఇంటికెళ్లాక ఫోన్ తీసి ఒక్క స్టార్ ఇచ్చే కుటుంబాల మీద తీవ్రమైన అభ్యంతరం తెలపడానికే ఈ నాలుగు ముక్కలు. ఏసీ చల్లబరచలేదట. సబ్బు నురగ రాలేదట. తాళం తిరగలేదట. బట్టలు ఆరలేదట. పక్క మీద ఇసుకట. అయ్యా, ఈ ఐదు నేరాలకూ ముద్దాయి ఒక్కడే: సముద్రుడు. ఆయన్ని చూడ్డానికే కదా పిల్లాజెల్లాతో, తట్టాబుట్టతో తరలివచ్చారు? కిటికీలోంచి కాస్త కనిపిస్తే చాలని డబ్బు కట్టారు. ఆయన అంతటితో ఆగక గదిలోకీ, కుళాయిలోకీ, తాళంకప్పలోకీ స్వయంగా దయచేశాడు. అదనపు చార్జీ కూడా వెయ్యలేదు. దానికి మర్యాదగా దణ్ణం పెట్టాల్సింది పోయి, రిసెప్షన్‌లో నిద్రపోతున్న కుర్రాణ్ణి లేపి కేకలేస్తారా?

సూర్యలంకనే తీసుకుందాం. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానాలకు ఇసకేస్తే రాలనంత జనం. అంత ఇసుకలో ఎవరేసి చూశారో తెలీదు. మిగతా కాలమంతా శని ఆదివారాల్లో హైదరాబాద్, గుంటూరు, విజయవాడ కార్లు. టూరిజం వారి కాటేజీలు దొరకనివారికి చిన్న గెస్ట్‌హౌసే శరణ్యం. కింద రెండు గదులు, పైన రెండు, డాబా మీద నల్ల ట్యాంకు, గేటు పక్కన కాళ్లు కడుక్కునే కుళాయి, బల్ల మీద ఆధార్ జిరాక్సుల కట్ట. చీరాల వాడరేవుకెళ్లినా, రామాపురం వెళ్లినా బల్ల మారుతుంది, కట్ట మారదు.

ముందుగా 'బీచ్ ఫేసింగ్' సంగతి. గది నుంచి సముద్రం దూరంగా ఉందని ఓనరును తిట్టేవాళ్లు ప్రభుత్వాన్ని తిడుతున్నామని గమనించాలి. 1991 తీర ప్రాంత నియంత్రణ నిబంధనల ప్రకారం పల్లె తీరాల్లో పోటు నీరు చేరే గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలు కూడదు. 2019లో సవరించి, జనసాంద్రత బాగా ఎక్కువున్న పల్లెల్లో దాన్ని 50 మీటర్లు చేశారు. కాబట్టి అలలు గుమ్మాన్ని తాకే గది ఎవరైనా చూపిస్తే సంతోషించకండి, అనుమతి కాగితం అడగండి. ఇక 'బీచ్‌కి రెండే నిమిషాలు' అన్నది అబద్ధం కాదు. ఓనరు బండి మీద రెండే నిమిషాలు. మీ అత్తగారి మోకాళ్లతో ఎన్ని నిమిషాలో ఆయనకెలా తెలుస్తుంది? అడ్వాన్సు కొట్టేముందు మ్యాపులో లొకేషన్ పెట్టించుకుని, నడిచే దారి ఎన్ని మీటర్లో చూసుకోవడం మీ పని. మే నెల మధ్యాహ్నం ఆ మీటర్లు చెప్పుల్లేకుండా వేడి ఇసుకలో ఉంటాయి.

'సన్‌సెట్ వ్యూ' అని రాసిన గదులూ ఉన్నాయి. మనది తూర్పు తీరం. సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, సాయంత్రం వెనక సరుగుడు తోటల్లోకి పోతాడు. కాబట్టి ఆ గది కిటికీ సముద్రానికి వీపు పెట్టి ఉందని ఓనరే నిజాయితీగా ఒప్పుకుంటున్నాడన్నమాట. సూర్యోదయం చూడాలంటే మే నెలలో ఐదున్నరకల్లా ఇసుకలో ఉండాలి. ఉంటారా? ఎనిమిదింటికి లేచి, సూర్యుడు నడినెత్తికి రాబోతుండగా "ఏవండీ, సన్‌రైజ్ ఎటువైపు?" అనడం ఆనవాయితీ.

ఇక ఏసీ. గదిలోకి అడుగుపెట్టగానే ఇంటి పెద్ద రిమోట్ అందుకుని 16 నొక్కుతాడు. మామూలు ఏసీకి 16 అయినా 24 అయినా చల్లబరిచే వేగం ఒకటే, ఆగే చోటే వేరు. కానీ 16 నొక్కకపోతే ఇచ్చిన అద్దె గిట్టదు. అరగంటయినా చెమట ఆరదు. అప్పుడు బయటికెళ్లి గోడకున్న యూనిట్‌ని చూసినవాడికి మాత్రమే జ్ఞానోదయం. అందులో అల్యూమినియం రేకుల వరస, వాటి మధ్య రాగి గొట్టం ఉంటాయి. ఆ రెండు లోహాలు కలిసే చోట ఉప్పు తేమ చేరితే అది చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. అందులో బలయ్యేది అల్యూమినియం. రేకులు తెల్లటి పొడిగా మారి, వేలు తగిలితే రాలిపోతాయి. రేకులు పోయాక గదిలోని వేడి బయటికి పోయే దారే లేదు. అందుకే గది తీసుకునే ముందు ఏసీ వేయించి పది నిమిషాలాగి, ఆ బయటి యూనిట్ ఫ్యాను ముందు చెయ్యి పెట్టి చూడాలి. సెగ కొడితే గదిలో పని జరుగుతున్నట్టు. మామూలు గాలి వస్తే మీకు ఏసీ రేటుకు ఫ్యాను ఇచ్చినట్టు. ఈ పరీక్ష లగేజీ దించకముందే చెయ్యాలి. దించాక కొత్త గది అడిగే ధైర్యం తెలుగు కుటుంబానికి లేదు. ఆవకాయ జాడీ మళ్లీ ఎత్తాలంటే భయం.

ఆ యూనిట్‌ను మంచినీళ్లతో తరచూ కడిగితే ఉప్పు పోతుంది, ఎక్కువకాలం బతుకుతుంది. ఓనర్లకు ఆ సంగతి తెలుసు. మంచినీళ్లేవి అన్నదే ప్రశ్న.

ఒడ్డున భూమిలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతుంటుంది. మంచినీటి మట్టం సముద్ర మట్టానికి ఒక్క మీటరు ఎత్తులో ఉంటే, కిందికి సుమారు 40 మీటర్ల దాకా తియ్యటి నీరుంటుందని శాస్త్రం లెక్క. అదే లెక్క తిరగేసి చూడండి: పైన మట్టం ఒక అడుగు దిగితే కింద ఉప్పునీరు నలభై అడుగులు పైకొస్తుంది. ఆదివారం వచ్చిన కుటుంబాలు షవర్లు తిప్పి వదిలేస్తే జరిగేది అదే. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం పుష్కలం. సబ్బు వాటితో కలిసి తెట్టు కడుతుంది తప్ప నురగ రాదు. ఎంత రుద్దితే అంత జిడ్డు. దీనికి విరుగుడు ఓనరును తిట్టడం కాదు, షాంపూ పొట్లం. అందులో ఉండేది సబ్బు కాదు గనక ఉప్పు నీళ్లలోనూ బాగానే పనిచేస్తుంది. ఒళ్లంతా దానితోనే కానివ్వండి.

అసలు నీళ్లంటూ ఉంటే. నాలుగు గదులు, గదికి ఆరుగురు. (బుకింగ్‌లో ముగ్గురనే రాశారు, పిల్లలు మనుషుల కింద లెక్కకు రారు.) మొత్తం 24 మంది. ఉప్పు, ఇసుక వదలాలంటే మనిషికి రెండున్నర బకెట్లు, అంటే 50 లీటర్లు. వెరసి 1,200. డాబా మీద ట్యాంకు 1,000 లీటర్లు. ఎండ ముదిరేసరికి తొమ్మిదింటికి అందరూ ఒక్కసారే ఒడ్డు వదిలి వస్తారు. ఆఖరున స్నానానికి వెళ్లిన నలుగురూ తలనిండా షాంపూతో "బాబూ, మోటారెయ్యి" అని కేకేస్తారు. అప్పుడే కరెంటు పోతుంది. ఇన్వర్టర్ ఉంది కదా అంటారు. 150 ఏహెచ్ బ్యాటరీ గదుల్లో ఫ్యాన్లూ లైట్లూ లాగుతుంది గానీ బోరు మోటారును లాగలేదు. కనక తొమ్మిదింటికి కాదు, ఎనిమిదిన్నరకే వెనక్కి రండి. లేదా దిగిన రాత్రే రెండు బకెట్లు నింపి పక్కన పెట్టుకోండి.

ఇసుక గురించి పెద్దలు చెప్పేదొకటి, చేసేదొకటి. తడి కాళ్లతో కుళాయి కింద నిలబడితే పైనున్నది పోతుంది, నిక్కరు లోపలిది బాత్రూమ్ దాకా వస్తుంది. బరువు గనక నీళ్లతో పారిపోకుండా నేల మీది జాలీ కింద ట్రాప్‌లో పేరుకుంటుంది. రెండు విడతల స్నానాలయ్యాక నీళ్లు చీలమండల దాకా నిలబడి గది వైపు బయల్దేరతాయి. తువ్వాలు అడ్డం వేస్తారు. ఆ తువ్వాలును గుర్తుపెట్టుకోండి, దాని సంగతి తర్వాత వస్తుంది. ఇసుక పోవాలంటే కడగడం కంటే ఆరబెట్టడం మేలు: ఒళ్లు ఆరాక టాల్కం పౌడర్ చల్లి పొడిచేత్తో తుడిస్తే గేటు బయటే జలజలా రాలిపోతుంది. పిల్లలకు పౌడర్ డబ్బా బ్యాగులో ఉంటుంది. ఆ బ్యాగు మాత్రం మేకప్ సామాన్లతో కలిసి కారు డిక్కీలో అడుగున ఉంటుంది.

కరెంటు విషయంలో గెస్ట్‌హౌస్ వారి బోర్డు స్పష్టంగా ఉంది: గదిలో వంట చేయరాదు. బోర్డు చదివాకే ఇండక్షన్ స్టవ్ బయటికి తీస్తారు. మంచం వెనకాల ఒకే ఒక్క సాకెట్, ఆరు ఆంపియర్లది, దానికి అప్పటికే ఎక్స్‌టెన్షన్ తగిలించి నాలుగు ఫోన్లు. 2,000 వాట్ల స్టవ్‌ను 230 వోల్టుల మీద పెడితే దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. కాసేపటికి ఎంసీబీ స్విచ్ పడిపోతుంది, పక్క గదిలో కూడా చీకటి. "మా దగ్గర కరెంటు లేదు, మీకుందా?" అని పక్క గది ఆయన అడిగితే "లేదండీ, ఊరంతా పోయినట్టుంది" అని గరిటె వెనక దాచుకుని చెప్పాలి. తర్వాత ఆ ఇంట్లో ఇంజనీరింగ్ చదివిన అబ్బాయి గీజరుకున్న పదహారు ఆంపియర్ల సాకెట్ కనిపెడతాడు. స్టవ్ బాత్రూమ్ గుమ్మంలోకి చేరుతుంది, నీళ్లు నిలిచిన నేలకు జానెడు ఎత్తున, ప్లాస్టిక్ స్టూలు మీద. ఇక్కడ వ్యంగ్యం పక్కనపెట్టి ఒక్క మాట: చెయ్యకండి. పులిహోర ఇంటి దగ్గరే కలుపుకుని రండి, ఒక పూటకు పాడవదు.

వంట లేకపోతే భోజనం గెస్ట్‌హౌస్‌లోనే. ఇక్కడ కుటుంబాలు ఏకగ్రీవంగా కోరేది 'సముద్రంలోంచి అప్పుడే తీసిన' వంజరం. ఎప్పుడు కోరతారు? బడి సెలవుల్లో. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపలు గుడ్లు పెట్టే కాలమని ఇంజన్ బోట్ల వేట నిషిద్ధం. మన సెలవులూ, చేపల సెలవులూ ఒక్కసారే పెట్టడం చూస్తే ప్రభుత్వానికి సమన్యాయ దృష్టి ఉన్నట్టే. ఆ రెండు నెలల్లో పళ్లెంలోకొచ్చేది ఐసులోంచి వచ్చిన వంజరం, చెరువు శీలావతి, లేదా వనామీ రొయ్య. చెడ్డవని కాదు, రొయ్య చెరువుదైతేనేం. కానీ 'ఫ్రెష్' అన్నందుకు రెండొందలు ఎక్కువిచ్చే ముందు వంటవాణ్ణి పచ్చి చేప చూపించమనండి. మొప్పలు ఎర్రగా, కళ్లు ఉబ్బి మెరుస్తూ ఉండాలి. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. చూపించనంటే పప్పూ ఆమ్లెట్ చెప్పుకోండి. ఆంధ్రదేశంలో గుడ్డుకు నిషేధ కాలం లేదు.

మధ్యలో అప్పుడప్పుడూ సముద్రం దగ్గరికి కూడా వెళ్తారు. అక్కడ కుటుంబ పెద్ద అనుభవంతో ఒక చోటు ఎంచుతాడు. అటూ ఇటూ అలలు విరిగి తెల్లగా నురగలు కక్కుతుంటే మధ్యలో కాస్త మేర ప్రశాంతంగా, నీలంగా ఉంటుంది. "ఇక్కడ అలల్లేవు, పిల్లల్ని ఇక్కడ దించండి" అంటాడు. అలలు ఒడ్డుకు తెచ్చిన నీళ్లన్నీ వెనక్కి పోయే దారి సరిగ్గా అదే. దాన్నే రిప్ కరెంట్ అంటారు. మోకాలి లోతులో ఉన్నవాణ్ణి కూడా లోపలికి గుంజుకుపోతుంది. ఒడ్డున పోలీసులు ఈల ఊదేది, తాడు కట్టేది అందుకే తప్ప మీ సెల్ఫీ చెడగొట్టడానికి కాదు. దొరికిపోతే ఒడ్డుకు ఎదురీదకూడదు, ఓపిక అయిపోతుంది. వెల్లకిలా తేలి, చెయ్యెత్తి కేకలేసి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరగాలి. ఆ ప్రవాహం వెడల్పు తక్కువ, దాటితే అలలే మళ్లీ ఒడ్డుకు తోస్తాయి. అన్నట్టు బంగాళాఖాతంలో అలలు ఎంతెత్తు లేస్తాయో ముందే చెప్పే సంస్థ ఇన్‌కాయిస్ ఉన్నది హైదరాబాద్ ప్రగతినగర్‌లో. హైదరాబాద్ నుంచి వచ్చేవారికైతే హెచ్చరిక సొంత ఊళ్లోనే పుడుతుంది. దాన్ని చూడకుండా అంత దూరం దాటి వచ్చి, ఇక్కడి కానిస్టేబుల్ నోట వినాలని మన పట్టుదల.

తాళం సంగతి రెండు ముక్కల్లో. తుప్పుపట్టిన కప్పలో నూనె పోస్తే ఇసుక అంటుకుంటుంది. పెన్సిల్ ముల్లు గీకి ఆ పొడి వెయ్యండి. బట్టలదీ ఉప్పు వ్యవహారమే. సముద్రపు నీళ్లలో తడిసిన చొక్కాను అలాగే బాల్కనీ తీగ మీద ఆరేస్తే, అందులో మిగిలిన ఉప్పు రాత్రంతా గాలిలో తేమ పీల్చుకుంటుంది. తెల్లారి చూస్తే నిన్నటి కన్నా తడి. ముందు మామూలు నీళ్లలో జాడించి ఆరెయ్యాలి. నీళ్లేవంటారా, ట్యాంకు సంగతి పైన చెప్పుకున్నాం.

ఇలా సముద్రాన్ని పూర్తిగా అనుభవించాక పదింటికి చెక్అవుట్. 24 గంటల చెక్అవుట్ అనుకునే కుటుంబాలు తొమ్మిదిన్నరకు టిఫిన్ చెప్తాయి. రూమ్ బాయ్ వచ్చి తువ్వాళ్లు లెక్కపెడతాడు. నాలుగిచ్చాం, మూడే ఉన్నాయంటాడు. నాలుగోది బాత్రూమ్ గుమ్మంలో ఇసుక మూటలా దొరుకుతుంది. "ఇది ఇంక పనికిరాదు సార్, రెండొందలు." అక్కడ మొదలవుతుంది అసలు విహారయాత్ర. తువ్వాలు ముందే చిరిగి ఉందని ఇల్లాలు, ఫొటో తీశామా అని అబ్బాయి, బాపట్ల బజార్లో కొత్తదే నూట యాభై అని మామగారు, ఓనరును పిలవమని ఇంటి పెద్ద. ఓనరు బండి మీద బయల్దేరి రెండే నిమిషాల్లో వస్తున్నానంటాడు. వాదన తేలేసరికి పదకొండున్నర. న్యాయం గెలిచి తువ్వాలుకు వందే ఇస్తారు. ఆలస్యమైనందుకు సగం రోజు అద్దె విడిగా.