తేలిక తుపాకీ, గట్టి భుజం: ఈ సలహా నమ్మకండి

షాట్‌గన్ గానీ రైఫిల్ గానీ కొత్తగా పట్టుకున్నవాళ్లకి ఎవరో ఒకరు తప్పకుండా చెప్పే సలహా ఒకటుంది. ‘రికాయిల్ (పేలినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే తన్ను) తట్టుకోవాలంటే ఒంట్లో బలం ఉండాలి. మనిషి చిన్నగా ఉంటే తేలిక తుపాకీ తీసుకోవాలి. మడమని (తుపాకీ వెనక చివరని) భుజానికి మరీ అదమకూడదు, వెనక్కి రావడానికి కాస్త సందు వదలాలి. గొట్టం చివర మజిల్ బ్రేక్ (గ్యాస్‌ని పక్కలకి మళ్లించే ముక్క) బిగిస్తే సగం బాధ పోతుంది. మిగతా నొప్పి వంద రౌండ్లు కాల్చేసరికి అలవాటైపోతుంది.’ నేర్పేవాళ్లు కూడా దీన్నే అప్పజెబుతున్నారు. మజిల్ బ్రేక్ మాటలో కొంత నిజం ఉంది. మిగతాదంతా కొత్తవాళ్లని దెబ్బతీసేదే. నేనూ ఈ సలహాతోనే మొదలుపెట్టాను, మొదటి రోజు సాయంత్రానికి భుజం కింద కండ నల్లగా కమిలిపోయింది.

ముందుగా తేలిక తుపాకీ సంగతి. దీనికి చిన్న లెక్క చాలు. 12 బోర్ షాట్‌గన్ కాట్రిడ్జ్‌లోంచి (తూటాలోంచి) 32 గ్రాముల గుళ్లు సెకనుకి 375 మీటర్ల వేగంతో బయటికి పోయాయనుకోండి. గుళ్లు ముందుకి ఎంత ఊపుతో పోతాయో, తుపాకీ వెనక్కి అంతే ఊపుతో వస్తుంది. తుపాకీ 3 కిలోలుంటే అది సెకనుకి 4 మీటర్ల వేగంతో వస్తుంది, ఆ తన్నులో శక్తి 24 జౌళ్లు. అదే తుపాకీ 4 కిలోలుంటే వేగం 3 మీటర్లకి, శక్తి 18 జౌళ్లకి పడిపోతాయి. తూటా మందు కాలిన గ్యాస్, వాడ్ (మందుకీ గుళ్లకీ మధ్య ఉండే అడ్డు) కూడా కలిపితే అంకెలు ఇంకా పెరుగుతాయి గానీ తేడా ఇదే తీరులో ఉంటుంది. అంటే బరువు మనకి కాపలా కాస్తుంది. ఒళ్లు చిన్నదని మూడు కిలోల తుపాకీ చేతిలో పెట్టడమంటే, ఎక్కువ తన్నేదాన్ని ఏరి మరీ ఇవ్వడమే. 20 బోర్ (12 కన్నా సన్న గొట్టం) మెత్తగా ఉంటుందనే మాట కూడా ఇలాంటిదే. బాగా తేలికైన 20 బోర్‌లో బరువైన కాట్రిడ్జ్ వేస్తే, అది 12 బోర్‌కి ఏమాత్రం తీసిపోకుండా తన్నుతుంది.

చిన్న ఒళ్లున్నవాళ్లకి నిజంగా మార్చాల్సింది కాట్రిడ్జ్. అదే 3 కిలోల తుపాకీలో, అదే వేగంతో 24 గ్రాముల గుళ్లు కాలిస్తే శక్తి 24 జౌళ్ల నుంచి 13.5కి దిగుతుంది. గుళ్లు పావు వంతు తగ్గితే తన్ను దాదాపు సగం తగ్గింది! 24 గ్రాములంటే పిల్లల సరుకు అనుకునేవాళ్లున్నారు. ఒలింపిక్ ట్రాప్, స్కీట్ పోటీల్లో ఎగిరే క్లే టార్గెట్లని పగలగొట్టేది ఆ 24 గ్రాములతోనే.

‘సందు వదలాలి’ అన్న ముక్క విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది, ఎందుకంటే దెబ్బలు తగిలేది దీనివల్లే. సందు ఉంటే తుపాకీ ఏ అడ్డూ లేకుండా పూర్తి వేగం అందుకుని, అప్పుడు భుజానికి సుత్తిలా తగులుతుంది. ముందే ఆనించి ఉంటే భుజం, ఒళ్లు దానితో కలిసి వెనక్కి కదులుతాయి, దెబ్బ తోపుగా మారుతుంది. మడమ పెట్టాల్సింది కాలర్ బోన్‌కీ భుజం కీలుకీ మధ్య ఉన్న మెత్తటి గుంటలో. ఎముక మీద పెట్టినా, చేతి కండ మీదకి జారనిచ్చినా కమిలిపోవడం ఖాయం. చెంప కూడా స్టాక్‌కి (తుపాకీ వెనక భాగానికి) ఆనే ఉండాలి. తల ఎత్తితే స్టాక్ వచ్చి చెంపని చరుస్తుంది. స్టాక్ పొడవు మన చేతికి సరిపోకపోతే ఇవేవీ కుదరవు, కాబట్టి కొలత చూపించుకోవడం మొదటి పని.

ఇక బలం. గోడలా బిగుసుకుని నిలబడేవాళ్లకే దెబ్బ ఎక్కువ తెలుస్తుంది. ముందు కాలి మీద బరువు వేసి, మోకాలు కాస్త వదులుగా ఉంచి, నడుం నుంచి ముందుకి వంగితే సన్నటి మనిషి కూడా హాయిగా కాలుస్తాడు. బల్ల దగ్గర కూర్చుని కాల్చినా, బోర్లా పడుకుని కాల్చినా అదే రైఫిల్ ఎక్కువ తన్నినట్టు అనిపించేది ఒంటికి ఊగే వీలు లేకపోవడం వల్లే. మడమకి తొడిగే రబ్బరు ప్యాడ్, గ్యాస్‌తో నడిచే సెమీ ఆటోమేటిక్ (తర్వాతి తూటా తనే ఎక్కించుకునే తుపాకీ) చేసేది కూడా దెబ్బని కాస్త ఎక్కువ సమయానికి సాగదీయడమే.

మజిల్ బ్రేక్ రైఫిల్ మీద బాగా పనిచేస్తుంది. గొట్టం చివర ఒత్తిడి ఎక్కువ కాబట్టి, ఆ గ్యాస్‌ని పక్కలకి మళ్లిస్తే తన్ను తగ్గుతుంది. షాట్‌గన్ గొట్టం చివర అంత ఒత్తిడి ఉండదు, లాభమూ తక్కువే. ఎవరూ చెప్పనిది దాని మోత. తుపాకీ మోత మామూలుగానే 140 డెసిబెల్స్ దాటుతుంది, బ్రేక్ దాన్ని కాల్చేవాళ్ల వైపు, పక్కనున్నవాళ్ల వైపు తిప్పుతుంది. చెవిలో ప్లగ్గులు, పైన మఫ్‌లు రెండూ ఉండాలి.

అన్నిటికన్నా చేటు చేసేది ‘అలవాటైపోతుంది’ అనే మాట. నొప్పి, మోత కలిసి ఒంటికి నేర్పేది ఉలికిపాటు. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకుపోతాయి, భుజం ముందుకి తోస్తుంది, గురి కిందికి పోతుంది. రౌండ్లు పెరిగేకొద్దీ అది ముదురుతుంది. మీకు ఉందో లేదో తెలుసుకోవాలంటే, మీకు చెప్పకుండా పేలని డమ్మీ తూటాలు కలిపి లోడ్ చేయమని పక్కవాళ్లని అడగండి. క్లిక్‌మన్నప్పుడు గొట్టం కిందికి దిగిందంటే ఉన్నట్టే. ఆ క్లిక్ అసలు తూటా ఆలస్యంగా పేలబోతున్నది కూడా కావచ్చు, కాబట్టి కనీసం 30 సెకన్లు గొట్టం గురి వైపే ఉంచి, ఆ తర్వాతే తెరవండి.

నాకు ప్రతి డమ్మీకీ గొట్టం దిగింది. పెద్ద తుపాకీ పక్కన పెట్టి, తన్నే తెలియని .22 రైఫిల్‌తో మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. ఆ ఉలికిపాటు పోవడానికి నాలుగు నెలలు పట్టింది.