మహారాజశ్రీ ఇంటరాక్షన్ టర్మ్ గారికి

అయ్యా,

పొద్దున్నదాకా మా మోడల్ ఫలితాల టేబుల్లో ఉప్పు పక్కన మూడు స్టార్లు (ఇది గాలివాటం కాదనడానికి గట్టి ఆధారముందన్న గుర్తు) ఉండేవి. ఉప్పు పెరిగితే బీపీ పెరుగుతుందని మోడల్ బుద్ధిగా చెప్పేది. మధ్యాహ్నం మా గైడ్ గారు "వయసుతో ఇంటరాక్షన్ కూడా పెట్టి చూడమ్మా" అన్నారు. తమరు, అంటే ఉప్పునీ వయసునీ గుణించి పెట్టిన వరస, దయచేశారు. స్టార్లు ఎగిరిపోయాయి, ఉప్పు కోఎఫిషియెంట్ (ఉప్పు ఒక పాలు పెరిగితే బీపీ ఎంత మారుతుందో చెప్పే అంకె) మైనస్‌లోకి పోయింది. ఉప్పు తింటే బీపీ తగ్గుతుందని నేనే అన్నట్టు అందరూ నావైపు చూశారు.

తమ రాకకు అభ్యంతరం లేదండీ. వయసును బట్టి ఉప్పు ప్రభావం మారుతుంది, ఒప్పుకుంటాను. కానీ వచ్చినవారు ఆ వరస పేరు కూడా మార్చొద్దూ? పైకి అదే 'ఉప్పు'. అర్థం మాత్రం వేరు. ఇంతకుముందు అది ఏ వయసువారికైనా ఒకటే ప్రభావం. ఇప్పుడది వయసు సున్నా ఉన్నవారికి ఉప్పు ప్రభావం. సున్నా! మా డేటాలో అందరూ 40 దాటినవాళ్లే. పురిటి బిడ్డకి ఆవకాయ నాకించి బీపీ చూసిందెవరు?

వయసులోంచి 50 తీసేసి మళ్లీ రన్ చేశాను. ఉప్పు కోఎఫిషియెంట్‌కి తమ కోఎఫిషియెంట్ 50 రెట్లు వచ్చి కలిసింది, స్టార్లు తిరిగొచ్చాయి. ఇప్పుడది యాభయ్యేళ్లవాళ్ల ఉప్పు. తమరి అంకె మాత్రం ఒక్క దశాంశం కదల్లేదు. ఆర్-స్క్వేర్ (బీపీ తేడాల్లో ఎంత భాగాన్ని మోడల్ వివరిస్తుందో చెప్పే అంకె) మారలేదు, ఎవరి ప్రిడిక్షనూ మారలేదు. నంగనాచిలా అడుగు వరసలో కూర్చున్నారు.

తమ దర్శనానికయ్యే ఖర్చు సంగతి సరేసరి. రెండు అంశాలకీ రెండేసి గ్రూపులున్న డిజైన్లో, మెయిన్ ఎఫెక్ట్‌లో (ఒక్కో అంశం సొంత ప్రభావంలో) సగమే ఉండే తమర్ని అంతే ధీమాగా పట్టుకోవాలంటే 16 రెట్లు మంది కావాలట. గ్రాంటు ఎవరిస్తారు, తమరా?

అసలు మంట ఇది. కమిటీలో ఒక పెద్దాయన "స్టార్ లేదుగా, ఉప్పు తీసేసి ఇంటరాక్షన్ ఒక్కటే ఉంచు" అన్నారు. అలా తీస్తే వయసు సున్నా దగ్గర ఉప్పు ప్రభావం సున్నాయేనని మోడల్ చేత బలవంతంగా ఒప్పించినట్టే. ఆపైన వయసులోంచి 50 తీస్తే ఒక జవాబు, తీయకపోతే ఇంకో జవాబు! స్టాటిస్టిషియన్ జాన్ నెల్డర్ 1977లోనే దీని గురించి మొత్తుకున్నారు. గదిలో ఎవరికీ పట్టలేదు. తమరైనా నోరు విప్పారా?

'వయసు 50 దగ్గర' అన్న ఆ మూడు మాటలూ సాఫ్ట్‌వేర్ రాయదు, తమరు రాయనివ్వరు. నేనే చేత్తో రాస్తున్నాను. సోమవారం మళ్లీ అదే కమిటీ. తమరు తమ వరసలో కదలకుండా పడి ఉండండి. ఉప్పు గురించి నేను మాట్లాడుకుంటాను.

ఇట్లు,
తమ బాధితురాలు