కీటో మొదలుపెట్టే ముందు మీ మాత్రల డబ్బా తెరిచి చూడండి

పిండి పదార్థాలు బాగా తగ్గించి, కొవ్వు ఎక్కువగా తినే కీటో డైట్ మంచిదా, ప్రమాదమా అని ఎక్కడైనా అడిగి చూడండి, రెండు వర్గాలు తయారైపోతాయి. ఒకరు సర్వరోగ నివారిణి అంటారు. ఇంకొకరు కిడ్నీలు పాడైపోతాయి, గుండెకి ముప్పు అంటారు. ఈ గొడవలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: ఆ డైట్ చేయబోయే మనిషి రోజూ ఏ మాత్రలు వేసుకుంటున్నారు?

అసలు ఇది బరువు తగ్గడానికి పుట్టిన డైట్ కాదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రసెల్ వైల్డర్ అనే డాక్టరు మూర్ఛ రోగుల కోసం దీన్ని ప్రతిపాదించారు. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు ఇప్పటికీ ఇస్తున్నారు. ఎలా ఇస్తారో చూడండి. కొవ్వును శక్తిగా మార్చుకోలేని పుట్టుకతో వచ్చే లోపాలు ఏవైనా ఉన్నాయేమోనని ముందే పరీక్షిస్తారు. ఏది ఎంత తినాలో డైటీషియన్ గ్రాముల్లో లెక్కకట్టి రాసిస్తారు. విటమిన్లు, కాల్షియం విడిగా ఇస్తారు. కిడ్నీలో రాళ్లు వస్తున్నాయా, కొలెస్ట్రాల్ పెరుగుతోందా, పిల్లాడి ఎదుగుదల తగ్గుతోందా అని నెలల తరబడి కనిపెట్టుకుని ఉంటారు. అలాంటి డైట్‌ని ఊబకాయంతో పాటు షుగర్, బీపీ కూడా ఉన్న పెద్దవాళ్లకి మాత్రం వాట్సాప్‌లో ఒక చార్టు పంపి వదిలేస్తున్నారు. నా కోపమంతా ఇక్కడే.

పిండి పదార్థాలు రోజుకి 50 గ్రాముల లోపుకి, కొందరైతే 20 గ్రాములకి తగ్గించేస్తారు. కొద్ది రోజుల్లోనే రక్తంలో షుగర్ దిగుతుంది. మంచిదే. కానీ ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు గానీ పాత డోసులోనే వాడుతూ ఉంటే షుగర్ మరీ పడిపోయి మనిషి కుప్పకూలొచ్చు. బీపీ మాత్రలదీ ఇదే కథ. ఒంట్లో ఇన్సులిన్ తగ్గగానే కిడ్నీలు ఉప్పునీ నీటినీ ఎక్కువగా బయటకి పంపేస్తాయి. దానికి తోడు నీరు పోయే మాత్ర కూడా వేసుకుంటుంటే, మంచం మీంచి లేవగానే కళ్లు తిరిగి పడిపోతారు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు. షుగర్‌కి, గుండెకి, కిడ్నీలకి చాలా మంచి మందులు, ఇప్పుడు లక్షలమంది వాడుతున్నారు. ఇవి షుగర్‌ని మూత్రంలోకి పంపేస్తాయి. అందువల్ల ఇన్సులిన్ తగ్గుతుంది, ఒళ్లు కొవ్వును కరిగించేటప్పుడు తయారయ్యే కీటోన్లు పెరుగుతాయి. కీటో డైట్ చేసేదీ అదే పని. రెండూ కలిస్తే కీటోన్లు అదుపు తప్పి రక్తం ఆమ్లంగా మారే కీటో అసిడోసిస్ రావచ్చు. ఈ మాత్రలతో అది రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లోనే హెచ్చరించింది. ఆపరేషన్‌కి కనీసం మూడు రోజుల ముందే ఇవి ఆపమంటారు, ఎందుకంటే తిండి తగ్గినప్పుడు ఈ ముప్పు పెరుగుతుంది. మరి తినే పద్ధతే తలకిందులు చేసుకుంటున్నప్పుడు ఒక్క మాటైనా చెప్పక్కర్లేదా?

దీంట్లో పెద్ద మోసం గ్లూకోమీటర్ దగ్గర జరుగుతుంది. మామూలుగా కీటో అసిడోసిస్‌లో షుగర్ 250 దాటి ఉంటుంది. ఈ మాత్రలు వాడేవాళ్లలో 160, 170 మాత్రమే చూపించొచ్చు. నేనున్న ఒక డైట్ గ్రూపులో ఒకావిడ రాశారు: "పొద్దుట్నుంచి వాంతులు, ఆయాసం, షుగర్ చూస్తే బాగానే ఉంది, ఏం చేయమంటారు?" అని. కింద వరసపెట్టి జవాబులు. కీటో మొదట్లో కొందరికి వచ్చే నీరసం, తలనొప్పి లాంటి "కీటో ఫ్లూ" అన్నారు, ఉప్పు నీళ్లు తాగమన్నారు, రెండు రోజులు ఓపిక పట్టమన్నారు. ఏ మాత్రలు వాడుతున్నారండీ అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. చదువుతుంటే నా చేతులు వణికాయి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండని రాశాను.

డాక్టర్లతో కూడా నాకు పేచీ ఉంది. కీటో మాట ఎత్తగానే "ఆ పిచ్చి పనులు చేయకండి" అని కసిరితే పేషెంటు మానేస్తారనుకుంటున్నారా? మానరు. మీకు చెప్పడం మానేస్తారు. బరువు గురించి ఏళ్ల తరబడి మాటలు పడ్డవాళ్లు, మొదటిసారి ఏదో పనిచేస్తోందనిపిస్తే వదులుకోరు. ఆకలి తగ్గడం నిజం, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు తగ్గడం నిజం. ఒప్పుకుని, డోసు సరిచేసి, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పండి.

ఇక అమ్మేవాళ్ల సంగతి. మొదటి వారం తగ్గే బరువులో చాలా భాగం నీరే. ఒంట్లో గ్లైకోజన్ రూపంలో నిల్వ ఉన్న ఒక్కో గ్రాము చక్కెర దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది, అదంతా పోతుంది. ఆ అంకె చూపించే ప్యాకేజీలు అమ్ముతారు. ఏడాది తర్వాత సంగతి చెప్పరు. 2018లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో 609 మందిని రెండు జట్లు చేశారు. ఏడాదికి కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండి పదార్థాలు తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. అది పూర్తి కీటో కాదు, నిజమే. కానీ ఆ కాస్త తేడా కోసం మాత్రల సంగతి చూసుకోకుండా దూకాల్సిన తొందర నాకైతే కనిపించడం లేదు.

చేయాలనుకుంటే చేయండి. ముందు మీ మాత్రలన్నీ తీసుకెళ్లి డాక్టరుకి చూపించండి. కిడ్నీ, లివర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించండి, రెండు మూడు నెలలకి మళ్లీ చేయించండి, ఎందుకంటే కొందరిలో చెడ్డ కొలెస్ట్రాల్ విపరీతంగా పెరుగుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ప్యాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చినవాళ్లు దీని జోలికి పోవద్దు. పైన చెప్పిన రకం మాత్ర వాడుతూ వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలైతే, షుగర్ ఎంతున్నా సరే, ఎమర్జెన్సీకి వెళ్లి ఈ మాత్ర వాడుతున్నాను, కీటో చేస్తున్నాను, కీటోన్లు చూడండి అని మీరే చెప్పండి.