గేటు ముందు కలరా

మా కళాశాల గేటు ముందు నిలిచే పానీపూరి బండి నీళ్లలో కలరా క్రిమి ఉందన్న వార్త ఒక సోమవారం మధ్యాహ్నం రెండో అంతస్తులోని మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పుట్టి, మెట్లు దిగి క్యాంటీన్ చేరేసరికే, ఇద్దరిని ఆసుపత్రిలో చేర్చారనే దాకా పెరిగింది. వార్తను కన్నవాడు ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం విద్యార్థి. అతని చేతిలో ఉన్న ఆధారం ఫిల్టర్ పేపర్ మీద ఒక ఊదారంగు మచ్చ.

మైక్రోస్కోప్ కింద బాక్టీరియాల్లో ఈ.కోలై అయినా, క్లెబ్సియెల్లా అయినా, సాల్మొనెల్లా అయినా గ్రామ్ రంగు వేశాక గులాబీ కడ్డీలుగానే కనిపిస్తాయి కనుక ముఖం చూసి పేరు చెప్పే వీలు లేదు. అందుకే పెళ్లిచూపుల్లో పెద్దవాళ్లు అడిగినట్టు, ఏం తింటావు, ఏం చేయగలవు, సిట్రేట్ తప్ప మరేమీ పెట్టకపోతే సర్దుకుంటావా అని ఆరా తీయవలసి వస్తుంది. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని విరిచి ఇండోల్ తయారుచేసే రకమైతే, కోవాక్స్ రీజెంట్ వేయగానే గొట్టంలో పైన ఎర్రటి వలయం కడుతుంది. సిట్రేట్‌తో బతకగలిగితే క్రిములను పెంచే ఆకుపచ్చని జెల్లీ, సిమ్మన్స్ అగార్, నీలంగా మారుతుంది. ఈ జవాబులన్నీ రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అంత ఓపిక లేనివారికి ఆక్సిడేజ్ పరీక్ష ఉండనే ఉంది: రీజెంట్‌తో తడిపిన కాగితం మీద కాలనీని, అంటే ప్లేట్ మీద పెరిగిన బాక్టీరియా గుంపును, రుద్దితే, పది సెకన్లలో ఊదారంగు వస్తే పాజిటివ్. ఈ.కోలై బంధువర్గానికి రాదు, కలరా క్రిమికి వస్తుంది.

మన విద్యార్థికి వచ్చింది. అంతకుముందే ఇండోల్ వలయం కూడా ఎర్రగా వచ్చి ఉండటంతో పుస్తకంలోని పట్టిక మీద అతని వేలు జారుకుంటూ వెళ్లి విబ్రియో కలరే దగ్గర ఆగింది. ఆ రెండు లక్షణాలూ ఏరోమోనాస్ అనే మరో బాక్టీరియాకు కూడా ఉంటాయి, కానీ ఏరోమోనాస్ అంటే క్యాంటీన్‌లో ఎవరూ భయపడరు. కలరా క్రిమి పాలలోని చక్కెర లాక్టోజ్‌ను అంత త్వరగా ముట్టదు కాబట్టి, లాక్టోజ్ తిన్నవాటిని గులాబీ రంగులో చూపే మెకాంకీ ప్లేట్ మీద మర్నాటికి పాలిపోయిన కాలనీలు రావాలి. ఇతని ప్లేట్ మీద అవి నిండు గులాబీ రంగులో మెరుస్తున్నాయి. అదేమిటని అడిగితే ట్యూబులైటు వెలుతురు మీదికి నెట్టాడు. స్లయిడ్ మీద నిటారుగా ఉన్న కడ్డీలు కూడా అతని కంటికి కలరా క్రిమిలాగా, కామాల్లా వంగి కనిపించాయి.

అతణ్ణి పూర్తిగా తప్పుపట్టలేము, ఊరి చరిత్ర అలాంటిది. 1897లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది ఈ జంటనగరాల్లోనే, సికింద్రాబాద్‌లో. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు. ఆ ఆసుపత్రికే ఫోన్ చేయడానికి మనవాడు సెల్లు తీసేసరికి నేను అడ్డుపడవలసి వచ్చింది.

"నెగెటివ్ కంట్రోల్ పెట్టావా? రంగు రాకూడని క్రిమితో కూడా చేసి చూశావా?"

"ఈ.కోలైకి రంగు రాదని పుస్తకంలనే ఉన్నది కద సార్, మళ్ల చేసుడెందుకు?"

చేయించాను. ఫ్రిజ్‌లో ఏళ్లుగా మర్యాదగా కాపురం చేస్తున్న మా ఈ.కోలై కల్చర్ ఊదారంగులోకి మారింది. క్లెబ్సియెల్లా మారింది. పక్క బల్ల దగ్గరి అమ్మాయి, కాలనీని ఎత్తడానికి వాడే తీగ లూప్‌ను బర్నర్ మీద ఎర్రగా కాల్చి, చల్లార్చి, ఏ కాలనీనీ ముట్టకుండా కాగితానికి తాకించింది, అక్కడా ఊదారంగే. ఆ లెక్కన కలరా సోకింది లూప్‌కు.

అది నికెల్, క్రోమియం కలిసిన నిక్రోమ్ తీగ. మంటలో కాల్చినప్పుడు దాని మీద ఏర్పడే ఆక్సైడ్లు బాక్టీరియా ప్రమేయం లేకుండానే రీజెంట్‌కు రంగు తెప్పించగలవు. అందుకే ఈ పరీక్షకు ప్లాటినం లూప్‌నో, చెక్కపుల్లనో వాడమంటారు. మా ప్లాటినం లూపులు ఖరీదైనవి కనుక బీరువాలో భద్రంగా ఉన్నాయి, బీరువా తాళం హెడ్ మేడమ్ దగ్గర ఉంది, మేడమ్ మేనకోడలి పెళ్లికి కరీంనగర్‌లో ఉన్నారు. చివరికి అటెండర్ క్యాంటీన్ నుంచి టూత్‌పిక్కులు తెచ్చాడు. వాటిని ఆటోక్లేవ్‌లో ఆవిరితో శుద్ధి చేసి మళ్లీ రుద్దితే కాగితం తెల్లగానే ఉండిపోయింది. బుధవారానికి మిగతా గొట్టాలూ తేలాయి: ఇండోల్ పాజిటివ్, మిథైల్ రెడ్ పాజిటివ్, వోజెస్-ప్రోస్కావర్ నెగెటివ్, సిట్రేట్ నెగెటివ్. అచ్చమైన ఈ.కోలై.

కలరా కాదని తెలియగానే కళాశాల మొత్తం ఊపిరి పీల్చుకుని, రెండు రోజులుగా ఈగలు తోలుకుంటున్న బండి మీదికి ఒక్కసారిగా ఎగబడింది. నీళ్లలో ఈ.కోలై ఉందంటే అందులో మలం కలిసిందని అర్థమన్న సంగతి ఆ సందడిలో ఎవరికీ పట్టలేదు. కనీసం అటెండర్‌నైనా కాపాడుదామని దగ్గరకు వెళ్లి మెల్లగా చెప్పబోయాను.

"గది యాడ ఉంటది సార్?" అన్నాడతను, దొప్ప చేతిలో పట్టుకుని.

"మన పేగుల్లోనే."

కాసేపు ఆలోచించి, పూరీ నోట్లో వేసుకుని, "అయితె మనోడే కద సార్" అని, బండివాడి వైపు తిరిగాడు. "భయ్యా, జర తీఖా ఎక్కువెయ్!"