హార్వీ వరదకు మేయర్‌ని తిడితే తీరుతుందా?

హ్యూస్టన్‌లో మనవాళ్లు నలుగురు చేరి హార్వీ తుఫాను మాట ఎత్తారంటే పంచాయితీ ఇప్పటికీ ఒకే చోట మొదలవుతుంది. ఊరు ఖాళీ చేయమని మేయర్ ఎందుకు చెప్పలేదు? 2017 ఆగస్టు 25న, తుఫాను రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటబోతుండగా, స్థానిక అధికారులు చెప్పకపోయినా సరే వెళ్లిపోవడం గురించి గట్టిగా ఆలోచించమన్నారు గవర్నర్ గ్రెగ్ ఆబట్. ఇళ్లలోనే ఉండమన్నారు మేయర్ సిల్వెస్టర్ టర్నర్. ఒకాయన రిపబ్లికన్, ఇంకొకాయన డెమొక్రాట్. ఇంకేం కావాలి, ఎవరి పార్టీని బట్టి వాళ్లు తీర్పు చెప్పేశారు.

నన్నడిగితే టర్నర్ చేసింది సరైన పనే. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీకి (మన జిల్లా లాంటిది) అప్పటి పాలనాధిపతి, పేరుకు ‘కౌంటీ జడ్జి’ అయిన ఎడ్ ఎమెట్ రిపబ్లికన్ అయినా ఆ రోజు మేయర్ మాటే తనూ చెప్పారు. ఇద్దరికీ 2005 నాటి రీటా తుఫాను గుర్తుంది. అప్పుడు 25 లక్షల మందికి పైగా ఒక్కసారిగా రోడ్డెక్కారు. ఎండలో గంటల తరబడి కార్లు కదల్లేదు, పెట్రోలు దొరకలేదు. డాలస్ దగ్గర వృద్ధులను తరలిస్తున్న బస్సు అంటుకుని 23 మంది పోయారు. తుఫాను కన్నా ఆ తరలింపే ఎక్కువమందిని పొట్టనబెట్టుకుంది. పైగా హ్యూస్టన్ వరకు హార్వీ అంటే గాలి కాదు, వాన. ఈ ఊళ్లో గట్టి వాన పడితే ముందు మునిగేవి రోడ్లు, అండర్‌పాస్‌లే. ఏ వీధిలోకి నీళ్లొస్తాయో తెలియనప్పుడు లక్షలమందిని రోడ్ల మీదికి తోలడం ఏం తెలివి?

అయితే కొన్ని వేల ఇళ్ల విషయంలో ఆ సాకు చెల్లదు. అవి ఊరికి పడమరనున్న అడిక్స్, బార్కర్ అనే వరద రిజర్వాయర్ల లోపలున్న ఇళ్లు. పక్కన కాదు, లోపల.

1929లో, 1935లో డౌన్‌టౌన్ మునిగాక, 1940లలో ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ (అమెరికా సైన్యపు ఇంజనీరింగ్ విభాగం, క్లుప్తంగా కోర్) ఈ రెండు మట్టి ఆనకట్టలు కట్టింది. మామూలు రోజుల్లో వీటిలో నీళ్లు నిలవుండవు. మన పిల్లలు శనివారాలు సాకర్ ఆడే జార్జ్ బుష్ పార్క్ బార్కర్ రిజర్వాయర్ కడుపులోనే ఉంది. నిండితే నీళ్లు ఎంత దూరం పోతాయో లెక్క కట్టిన ప్రభుత్వం, అంత భూమీ కొనలేదు. మిగిలినవి వరి పొలాలు, పశువుల బీళ్లు కదా, మునిగినా ఎవరికి నష్టం అనుకుంది. ఆ పొలాల్లోనే తర్వాత కేటీ వైపు సబ్‌డివిజన్లు లేచాయి. బిల్డర్ అడిగాడు, కౌంటీ సంతకం పెట్టింది, కోర్ చూస్తూ ఊరుకుంది. వీటి సామర్థ్యం చాలదని కౌంటీ ఫ్లడ్ కంట్రోల్ ఇంజనీర్లే 1996లో నివేదిక రాసి, సుమారు 40 కోట్ల డాలర్ల పరిష్కారం సూచిస్తే, అది అటకెక్కింది.

ఫోర్ట్ బెండ్ కౌంటీ ఒక పని చేసింది. బార్కర్ వైపు లేఅవుట్ కాగితాల మీద, ఈ స్థలం కోర్ నిర్వహణలో నీటి ముంపుకు గురికావచ్చని చిన్న అక్షరాల్లో ఒక వాక్యం వేయించింది. హారిస్ కౌంటీ అదీ చేయలేదు. ఇల్లు కొనేవాడు క్లోజింగ్ రోజున కట్టలకొద్దీ కాగితాల మీద సంతకాలు పెడతాడు గానీ, కౌంటీ ఆఫీసులో పడున్న లేఅవుట్ తీసి చదివేదెవరు? రియల్టర్ స్కూలు రేటింగ్ చెప్పాడు, ఈస్ట్ ఫేసింగ్ అన్నాడు. వరద మ్యాపులో లేదు కాబట్టి బ్యాంకు ఫ్లడ్ ఇన్సూరెన్స్ అడగలేదు. ఈశాన్యంలో నీళ్లుంటే మంచిదని వాస్తు చూసుకుని కొన్న ఇంట్లో అన్ని మూలలా నీళ్లే నిలిచాయి.

ఆగస్టు 28 తెల్లవారుజామున రిజర్వాయర్ల గేట్లు ఎత్తితే, ఊరి మధ్యగా పారే బఫెలో బేయూ వాగు పొడవునా దిగువ ఇళ్లూ మునిగాయి. గేటు ఎత్తినవాణ్ణి నేను తప్పుపట్టను. కట్ట తెగితే మిగిలేదేముంది? రిజర్వాయర్ల లోపలున్న ఎగువ ఇళ్లవాళ్లు వేసిన కేసులో మాత్రం 2019 డిసెంబర్‌లో ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టు జడ్జి చార్లెస్ లెటో ప్రభుత్వానిదే బాధ్యతని తేల్చారు. పరాయివాళ్ల భూమిలో నీళ్లు నిలబెట్టుకోవడమంటే ఆ భూమిని వాడుకున్నట్టేనని తీర్పు సారం. దిగువవాళ్ల కేసు 2020లో కొట్టేస్తే, 2022లో అప్పీలు కోర్టు మళ్లీ నిలబెట్టింది.

తిలాపాపం తలా పిడికెడు అని సర్దుకుపోవడం నాకు నచ్చదు. గవర్నర్ మాటా మేయర్ మాటా ఆ ఒక్క వారానివి. లేఅవుట్ మీద సంతకాలు దశాబ్దాలవి.

వరద తర్వాతి సంగతి మరీ అన్యాయం. ముంపు నివారణ కోసం వచ్చిన ఫెడరల్ డబ్బులో సుమారు వంద కోట్ల డాలర్లను 2021లో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టెక్సాస్ జనరల్ ల్యాండ్ ఆఫీస్ పంచినప్పుడు, హ్యూస్టన్ నగరానికి గానీ హారిస్ కౌంటీకి గానీ తొలి విడతలో ఒక్క డాలరు రాలేదు. ఆ పంపకంలో వివక్ష ఉందని మరుసటి ఏడాది ఫెడరల్ గృహ శాఖే చెప్పింది. మేయర్‌ని తిడుతూ వచ్చినన్ని ఫార్వర్డ్‌లలో దీని గురించి నాకు ఒక్కటీ కనబడలేదు.

ఉగాదికి మనం కౌంటీ నాయకులను పిలుస్తాం, శాలువా కప్పుతాం, ప్రోక్లమేషన్ అందుకుని ఫొటో దిగుతాం. ఈసారి ఫొటోకి ముందు మైకు వాళ్ల చేతికిచ్చి అడుగుదాం: రిజర్వాయర్ నిండితే నీళ్లొచ్చే చోట కొత్త లేఅవుట్ వస్తే సంతకం పెడతారా? పెడితే, ఆ సంగతి కొనేవాడికి చదివి వినిపించేదెవరు?