‘చీకట్లో చూసేదేముంది’ అనేవాళ్లకి

ఈమధ్య ఒక పోస్టు తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: మెల్లగా నడుస్తూ వాతావరణంతోనే భయపెట్టే హారర్ సినిమా డిస్క్ (బ్లూ-రే లాంటిది) మీద వచ్చిందని కొనడం శుద్ధ దండగ. ఓటీటీలో 4కే అని ఉంటే రెండూ ఒకటే. పైగా సినిమా సగం చీకటే, చీకట్లో క్వాలిటీ ఎవడికి కనపడుతుంది? మరీ కనపడకపోతే టీవీలో బ్రైట్‌నెస్ పెంచుకోండి, అప్పటికీ కనపడకపోతే అది డైరెక్టర్ ఉద్దేశం అనుకోండి. ఒక్క ముక్కే తప్పయితే ఊరుకుందును, ఇక్కడ దాదాపు ప్రతి ముక్కా తలకిందులుగా ఉంది.

‘4కే అంటే 4కేనే.’ కాదు. 4కే అనేది చుక్కల లెక్క మాత్రమే, అడ్డంగా 3840, నిలువుగా 2160. ఆ చుక్కల్లో ఎంత సమాచారం నింపి పంపారన్నది వేరే సంగతి. నెట్‌ఫ్లిక్స్ 4కేకి 15 ఎంబీపీఎస్ (సెకనుకి ఎంత డేటా వస్తుందనే లెక్క) నెట్ ఉంటే చాలంటుంది. 4కే డిస్క్ అయిన అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రేలో పరిమితి వంద దాటే ఉంది. డిస్క్ ఎప్పుడూ ఆ అంచునే నడవదు, నిజమే. అలాగే పగటి వెలుగులో ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీన్ అయితే రెండింటికీ తేడా పట్టుకోవడం నావల్ల కూడా కాదు. కానీ మనం మాట్లాడుకుంటున్నది ఆ సినిమాల గురించి కాదు కదా.

‘చీకట్లో క్వాలిటీ తెలియదు.’ అసలు గొడవంతా ఇక్కడే. మామూలు 8 బిట్ వీడియోలో వెలుగుని 0 నుంచి 255 దాకా మెట్లుగా లెక్కపెడతారు, అందులో నలుపు 16 దగ్గర మొదలై తెలుపు 235 దగ్గర ఆగుతుంది. ఒక చీకటి గది సీన్ మొత్తం 16 నుంచి 40 లోపే నడిచిందనుకోండి, గోడ, తలుపు, మూల, ఆ మూలలో ఉందో లేదో తెలియని ఆకారం, అన్నీ ఆ పాతిక మెట్లలోనే సర్దుకోవాలి. 10 బిట్‌లో మెట్లు నాలుగింతలు అవుతాయి, వెలుగు చీకట్ల తేడాని ఎక్కువగా చూపించే స్ట్రీమింగ్ హెచ్‌డీఆర్‌లోనూ అవి ఉంటాయి. అయితే డేటా పొదుపు చేయాల్సి వచ్చినప్పుడు ఎన్‌కోడర్ (వీడియోని కుదించే సాఫ్ట్‌వేర్) మొదట కోత పెట్టేది ఇలాంటి సన్న తేడాల మీదే, ఎవరూ గమనించరులే అనే ధైర్యంతో. దానికి తోడు గ్రెయిన్, అంటే ఫిల్మ్ మీద కనపడే సన్నటి నలుసులు. ఫ్రేము ఫ్రేముకీ మారే ఆ నలుసుల్ని కుదించడం ఎన్‌కోడర్‌కి మహా ఖరీదు, అందుకని తుడిచేస్తుంది. ఆ గ్రెయినే ఒక నలుపుకీ పక్క నలుపుకీ మధ్య అంచు కనపడకుండా కలిపి ఉంచేది. అది పోగానే గోడ మీద చారలు తేలతాయి.

ఒకే సీన్ రెండు రకాలుగానూ చూశాను: చిన్న దీపం పట్టుకుని ఒకామె వసారాలో నడుస్తుంటుంది. స్ట్రీమింగ్‌లో దీపం చుట్టూ చెరువులో రాయి వేసినట్టు వలయాలు, వెనక గోడ మీద నల్లటి చదరాలు పాకుతున్నాయి. ఏదో కదిలిందని ఉలిక్కిపడ్డాను కూడా, తీరా చూస్తే కదిలింది కంప్రెషన్. డిస్క్‌లో అదే గోడ మీద పెచ్చులూడిన సున్నం ఉంది, తలుపు సందు ఉంది, ఆ సందు కాస్త ఎక్కువ నల్లగా ఉంది. భయమంతా ఆ ‘కాస్త’లోనే ఉంది.

‘బ్రైట్‌నెస్ పెంచుకోండి.’ దయచేసి వద్దు. చాలా టీవీల్లో బ్రైట్‌నెస్ అనే మీట నలుపు ఎక్కడ మొదలవ్వాలో నిర్ణయిస్తుంది. పెంచితే పోయిన వివరం తిరిగి రాదు, నలుపు బూడిదరంగై ఇందాకటి చదరాలు ఇంకా బాగా కనపడతాయి. చేయాల్సింది గదిలో లైటు ఆర్పడం, పవర్ సేవింగ్ ఆపడం, సినిమా మోడ్ పెట్టడం. ప్లేయర్‌లో, టీవీలో ఫుల్, లిమిటెడ్ అనే రేంజ్ సెట్టింగ్ (నలుపు 0 దగ్గర మొదలవ్వాలా, 16 దగ్గరా అనేది) రెండు చోట్లా ఒకేలా ఉందో లేదో కూడా చూడండి. అది తేడాగా ఉంటే నలుపంతా ముద్దయిపోతుంది, లేదా పాలు కలిపినట్టు తెల్లబోతుంది, అప్పుడు మంచి డిస్క్ కూడా చెత్తగానే కనపడుతుంది.

‘డైరెక్టర్ ఉద్దేశం అది.’ ఇంటికి చేరిన కాపీలో ఉన్నదంతా డైరెక్టర్ ఉద్దేశమే అయితే 1922 నాటి రక్తపిశాచి మూకీ సినిమా ‘నోస్ఫెరాటు’ సంగతేమిటి? అందులో రాత్రి సీన్లు పగలే తీశారు, ప్రింటుకి నీలం రంగు అద్దితేనే అది రాత్రి అని లెక్క. ఆ రంగు లేని నలుపు తెలుపు కాపీలే చాలాకాలం వీడియోలుగా తిరిగాయి. ఎండ తగిలితే చచ్చిపోయే పిశాచం మిట్టమధ్యాహ్నం శవపేటిక చంకన పెట్టుకుని ఊళ్లో తిరుగుతుంటుంది! రంగులు తిరిగి అద్ది బాగుచేసిన కాపీ (రిస్టోరేషన్) చూస్తేగానీ ఆ సినిమాకి రాత్రి ఉందని తెలియదు. ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ (1968) కథ ఇంకో రకం. టైటిల్ మార్చినప్పుడు కాపీరైట్ ప్రకటన ఎగిరిపోయింది, దాంతో సినిమా మీద హక్కులు పోయి, ఎవరికి వాళ్లు కాపీకి కాపీ తీసి అమ్ముకున్నారు. అసలు నెగటివ్ నుంచి చేసిన 4కే రిస్టోరేషన్ 2016లో గానీ రాలేదు. అంతవరకూ ఆ మసకే సినిమా స్టైల్ అనుకున్నవాళ్లు బోలెడుమంది.

‘రెండూ ఒకటే’ అన్న మాటకి సౌండ్ విషయంలో మాత్రం సగం మార్కులు ఇస్తాను. డిస్క్‌లో ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో లాంటి నష్టం లేని ట్రాకులు ఉంటాయి, స్ట్రీమింగ్‌లో సాధారణంగా కుదించిన డాల్బీ డిజిటల్ ప్లస్. టీవీ స్పీకర్లలో వింటే ఆ తేడా నాకూ తెలియదు. అంతకన్నా పెద్ద నష్టం నైట్ మోడ్ చేస్తుంది, గుసగుసనీ కేకనీ ఒకే ఎత్తుకి తెచ్చి పడేస్తుంది.

ఇంకో మాట, డిస్క్ అన్నంత మాత్రాన మంచిదని కాదు. పాత మాస్టర్‌నే (కాపీలు తీసే మూల వీడియోనే) తీసుకుని, గ్రెయిన్ గీకేసి, మొహాలు మైనం బొమ్మల్లా చేసి, పైన కొత్త అట్ట వేసి వదిలినవీ ఉన్నాయి. కొనేముందు ఏ నెగటివ్ నుంచి స్కాన్ చేశారు, కలర్ ఎవరు చూసుకున్నారు అని రివ్యూల్లో వెతకండి. ఇక మీకు కావాల్సిన సినిమా డిస్క్ మీద డీవీడీగా మాత్రమే వచ్చిందా, అందులో ఉండేది 720 బై 480, లేదా 576 చుక్కలే. అలాంటప్పుడు నేను కూడా నోరు మూసుకుని ఓటీటీలోనే చూస్తాను.