అడ్మిరల్ బర్డ్ పాతాళానికి వెళ్లలేదు

మా అక్క కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. మొన్న ఒక వీడియో పంపి, "మామయ్యా, ఇది నిజమేనా?" అని అడిగాడు. ఫార్వర్డ్‌లలో ఏళ్లుగా తిరుగుతున్న కథే అది. అమెరికా నేవీ అడ్మిరల్ రిచర్డ్ బర్డ్ 1947లో పెద్ద సైన్యంతో అంటార్కిటికా వెళ్లాడట. అక్కడ దాక్కున్న హిట్లర్ మనుషులో, గ్రహాంతరవాసులో ఆయన సైన్యాన్ని చావుదెబ్బ కొట్టారట. ఆయన విమానంలో ధ్రువం దాటి భూమి లోపలికి వెళ్లి, పచ్చని లోయలూ మామూత్ ఏనుగులూ చూసి, అదంతా రహస్య డైరీలో రాసుకున్నాడట. తర్వాత ప్రభుత్వం ఆయన నోరు మూయించి, అంటార్కిటికాకి ఎవరూ వెళ్లకుండా తలుపులు మూసేసిందట.

వాడికి ఫోన్‌లో చెప్పిందే కాస్త విడమరిచి రాస్తున్నాను. ఎందుకంటే ఈ కథలో పేరు నిజం, తేదీలు చాలావరకు నిజం, ఓడలు నిజం. నిజాల మధ్య పెట్టిన అబద్ధాన్ని పిల్లలు పట్టుకోవడం కష్టం.

ముందుగా డైరీ సంగతి. ఆ డైరీ ప్రకారం బర్డ్ 1947 ఫిబ్రవరి 19న ఉత్తర ధ్రువం వైపు ఎగిరాడు. అసలు ఆ రోజుల్లో ఆయన ఎక్కడున్నాడు? భూమికి రెండో కొసన. ఫిబ్రవరి 15, 16 తేదీల్లో దక్షిణ ధ్రువం మీదుగా ఎగిరి, అంటార్కిటికా అంచున సముద్రం మీద తేలే రాస్ ఐస్ షెల్ఫ్ అనే మంచుపలక మీద లిటిల్ అమెరికా అనే గుడారాల స్థావరానికి తిరిగొచ్చాడు. ఫిబ్రవరి 23న బర్టన్ ఐలాండ్ అనే ఐస్‌బ్రేకర్ ఓడ వచ్చి అక్కడున్న వాళ్లందరినీ ఎక్కించుకుంది. ఈ మధ్యలో ఉత్తర ధ్రువానికి వెళ్లి రావడం ఎలా కుదురుతుంది?

ఇంకో సంగతి కూడా ఉంది. ఉత్తర ధ్రువంలో సెప్టెంబర్ చివర్లో అస్తమించిన సూర్యుడు మళ్లీ కనిపించేది మార్చి 20 ప్రాంతంలోనే. ఫిబ్రవరి 19న అక్కడ ఇంకా చీకటే. డైరీ రాసినవాళ్లు మాత్రం కింద మంచు రంగులు, దూరాన కొండల వరుసలు కనిపించాయని రాశారు. ధ్రువాల గురించి ఓనమాలు తెలిసిన నావికుడెవరూ ఇలా రాయడు. చేతిరాత ప్రతి అంటూ ఇంతవరకూ ఎవరూ చూపించనూ లేదు.

బర్డ్ అసలు కాగితాలు ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో భద్రంగా ఉన్నాయి. వాటిలో 1996లో నిజంగానే ఒక డైరీ బయటపడింది. 1926 మే 9న తాను, పైలట్ ఫ్లాయిడ్ బెనెట్ కలిసి ఆర్కిటిక్‌లోని స్పిట్స్‌బెర్గెన్ ద్వీపం నుంచి బయల్దేరి, పదిహేనున్నర గంటల్లో ఉత్తర ధ్రువం దాకా ఎగిరి వచ్చామని బర్డ్ చెప్పుకున్నాడు. ఆ ప్రయాణానికి అన్ని గంటలు చాలవని అప్పుడే కొందరు అనుమానించారు. ఈ డైరీలో సెక్స్టెంట్ (సూర్యుడి ఎత్తు కొలిచి ఎక్కడున్నామో తేల్చే పరికరం) లెక్కలు కొన్ని చెరిపేసి ఉండటంతో ఆ అనుమానం మరింత బలపడింది. పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆయన్ని శంకించాలనుకునేవాళ్లకి నిజమైన చోటు ఇదే. లెక్కలున్నాయి, కాగితాలున్నాయి, ఎవరైనా తీసి చూడొచ్చు. ఈ సంగతి ఆ వీడియోలో ఒక్క ముక్క లేదు.

అసలు కాలు దెబ్బతిని 1916లో నేవీ నుంచి రిటైరైన మనిషాయన. మళ్లీ పిలిస్తే వచ్చి పైలట్ అయ్యాడు. 1929 నవంబర్‌లో మరో ముగ్గురితో కలిసి దక్షిణ ధ్రువం మీదుగా ఎగిరాడు, ఆ పని చేసిన మొదటి బృందం అదే. 1934లో, దక్షిణార్ధగోళపు చలికాలంలో (అంటే మనకి వేసవి, వానాకాలం), లిటిల్ అమెరికాకి దాదాపు 200 కిలోమీటర్ల దూరాన, మంచులో పాతిపెట్టిన ఒక చిన్న గదిలో నెలల తరబడి ఒంటరిగా ఉన్నాడు. స్టవ్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ మెల్లమెల్లగా ఆయన్ని తినేసింది. రేడియోలో పంపే మోర్స్ సందేశాలు గజిబిజి కావడంతో అటువైపు వాళ్లకి అనుమానం వచ్చి, ఆ కటిక చీకట్లోనే ట్రాక్టర్ వేసుకుని బయల్దేరారు. రెండుసార్లు వెనక్కి తిరగాల్సొచ్చినా చివరికి ఆగస్టులో చేరుకున్నారు. ఈ మనిషికి మామూత్‌లు అంటగట్టాల్సిన అవసరం ఏముంది?

ఇక హిట్లర్ స్థావరం. జర్మన్లు అంటార్కిటికా వెళ్లిన మాట నిజమే. ష్వాబెన్‌లాండ్ అనే ఓడ 1939 జనవరిలో క్వీన్ మౌడ్ ల్యాండ్ తీరానికి చేరింది. తిమింగలాల వేటకి చోటు సంపాదించడం వాళ్ల ఉద్దేశం, ఎందుకంటే ఆ నూనెతో మార్గరిన్ చేసుకునేవాళ్లు. రెండు సీప్లేన్లతో ఫోటోలు తీసుకుని, మూడు వారాలు కూడా నిండకుండానే వెళ్లిపోయారు. ఏ స్థావరమూ కట్టలేదు. ఆ విమానాల పైలట్లలో ఒకరు షిర్మాకర్. మంచు లేని రాతినేల ఒకటి పైనుంచి కనిపిస్తే దానికి ఆయన పేరే పెట్టారు. ఆ షిర్మాకర్ ఒయాసిస్‌లోనే 1989 నుంచి మన దేశపు మైత్రి కేంద్రం ఏడాది పొడవునా నడుస్తోంది. మనవాళ్లు తాగే నీళ్లు పక్కనున్న ప్రియదర్శిని సరస్సువే. నాజీల కోట ఉందని చెప్పే ప్రాంతంలో మన శాస్త్రవేత్తలు వాతావరణం కొలుస్తున్నారు.

బర్డ్ "ధ్రువానికి అవతలి భూమి" గురించి చెప్పాడని ఇలాంటి వీడియోల్లో అంటుంటారు. ఆ మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. బర్డ్ 1954లో ఒక టీవీ ఇంటర్వ్యూలో, లిటిల్ అమెరికా నుంచి చూస్తే ధ్రువానికి అవతలి పక్కన, మనిషి కన్ను పడని ప్రాంతం అమెరికా అంత ఉందని చెప్పాడు. ఆ ముక్క ఒక్కటీ కత్తిరించి తిప్పుతున్నారు. గ్లోబు మీద లిటిల్ అమెరికా దగ్గర వేలు పెట్టి, ధ్రువం మీదుగా తిన్నగా జరపండి. వేలు వెళ్లి ఆగేది సుమారుగా మైత్రి ఉన్న వైపే. బర్డ్ చెప్పింది తూర్పు అంటార్కిటికా లోపలి మంచు మైదానం గురించి. నాలుగైదేళ్లలోనే సోవియట్ బృందాలు అక్కడ వోస్తోక్ లాంటి కేంద్రాలు పెట్టాయి.

ధ్రువాల మీదుగా శత్రు విమానాలు రావచ్చని 1947లో ఆయన హెచ్చరించింది కూడా నిజమే. కోల్డ్ వార్ మొదలవుతున్న రోజులవి. రష్యా నుంచి అమెరికాకి దగ్గరి దారి ఆర్కిటిక్ మీదుగానే. ఎగిరే పళ్లేల మాట అందులో ఎక్కడా లేదు.

నోరు మూయించారన్నది ఒక్క వాక్యంతో పోతుంది: 1955లో ఆయనకే ఆపరేషన్ డీప్ ఫ్రీజ్ అనే మరో అమెరికా అంటార్కిటికా యాత్ర బాధ్యత అప్పజెప్పారు, 1956 జనవరిలో మళ్లీ ధ్రువం మీదుగా ఎగిరాడు, 1957 మార్చి 11న బోస్టన్‌లోని తన ఇంట్లో నిద్రలో చనిపోయాడు. తలుపులు మూశారన్నదీ అంతే. ఇటీవలి కొన్ని సీజన్లలో అక్కడికి వెళ్లిన టూరిస్టుల సంఖ్య లక్ష దాటింది.

యుద్ధం సంగతి కావాలనే చివరికి ఉంచాను. నన్ను నిజంగా బాధపెట్టేది అదే.

వీడియోలో చెప్పిన ఆ 1946-47 యాత్ర పేరు ఆపరేషన్ హైజంప్. అందులో 13 ఓడలు, దాదాపు 4,700 మంది పాల్గొన్నారు. విపరీతమైన చలిలో మనుషులూ యంత్రాలూ ఎలా పనిచేస్తారో చూడటం, పైనుంచి తీరాన్ని ఫోటోలు తీయడం వాళ్ల పని. దాదాపు 70,000 ఫోటోలు తీశారు. 11 మంది విలేకరుల్ని వెంట తీసుకెళ్లారు. నేవీ కెమెరాలతో తీసిన దృశ్యాలు 1948లో డాక్యుమెంటరీగా వచ్చాయి, దానికి ఆస్కార్ కూడా వచ్చింది. రహస్య యుద్ధానికి ఎవరైనా విలేకరుల్ని తీసుకెళ్తారా? త్వరగా తిరిగి రావడానికి కారణం చలికాలం ముంచుకురావడమే. సముద్రం గడ్డకడితే ఓడలు అందులోనే చిక్కుకుపోతాయి.

ప్రాణాలు పోయిన మాట మాత్రం నిజం. 1946 డిసెంబర్ 30న తొమ్మిది మందితో వెళ్లిన ఒక సీప్లేన్, ఆకాశమేదో మంచేదో తెలియని తెల్లదనంలో థర్‌స్టన్ ద్వీపం మీది మంచుకి తగిలి పేలిపోయింది. ముగ్గురు చనిపోయారు. మిగిలిన ఆరుగురు విరిగిన విమానాన్నే గూడు చేసుకుని 13 రోజులు బతికారు. పైలట్ లెబ్లాంక్ రెండు కాళ్లూ తర్వాత తీసేయాల్సొచ్చింది. వెతుకుతూ వచ్చిన విమానం వాళ్లని పైనుంచే చూసింది. ఆ చోట తీసిన ఫోటో ఒకటి ఉంది. మంచులో పడి ఉన్న రెక్క మీద పెద్ద పెద్ద అక్షరాలతో, బతికినవాళ్లు రాసిన మాటలు కనిపిస్తాయి: లోపెజ్, హెండర్సిన్, విలియమ్స్ చనిపోయారు. కొన్నాళ్లకి వాన్స్ వుడాల్ అనే మరో నావికుడు ఐస్ షెల్ఫ్ మీద సామాను దింపేటప్పుడు ప్రమాదంలో పోయాడు. వీడియోల్లో "గ్రహాంతరవాసులు చంపిన సైనికులు" అంటున్నది వీళ్లనే. ఒక్క పేరు కూడా చెప్పరు.

ఆ ముగ్గుర్నీ తోటివాళ్లు ఆ రెక్క కిందే పాతిపెట్టారు. ఇప్పటికీ ఆ మంచులోనే ఉన్నారు.